అంచు వరసలు

పైగా నవ్వింది కూడా. అదే మింగుడు పడటం లేదు వినీలకు. గిరిబాబు సారు ఆ మాట అన్నప్పుడు కోపం రావాలి, కనీసం బిత్తరపోవాలి. మొహం మాత్రం తనను అడక్కుండానే నవ్వేసింది. ఆ నవ్వు ఇంకా బుగ్గల మీద జిడ్డులా అంటుకునే ఉంది. చున్నీతో రుద్దుకుంది. వరి నూగుకు చర్మం మండింది తప్ప ఏమీ పోలేదు.

జువ్వలదిన్నె దారిలో, ఉప్పుకాలవ పక్కనున్న రంగనాయకులు పొలంలో వాళ్ల పరిశోధన కేంద్రం కొత్త వరి రకాన్ని పరీక్షకు పెట్టింది. పొలాన్ని చిన్న మడులుగా విడదీసి, ఆ రకాన్నే పడమట కొన్నింట్లో, తూర్పున కాలవ వైపు కొన్నింట్లో నాటారు. ఒకే విత్తనం చోటు మారితే దిగుబడి ఎంత మారుతుందో చూడటమే పని. పడమటి మడులు బాగా పండాయి. తూర్పున చౌడు పైకి తన్ని, వెన్నుల్లో సగం గింజలేని తాలే. తూకం వేయకముందే తెలిసిపోతోంది. మడికీ మడికీ ఇంత తేడా వస్తే పైవాళ్లు పరీక్షనే కొట్టేస్తారు. రకం విడుదల కాదు, సారుకు పేరు రాదు, వినీల కాంట్రాక్టు ఉద్యోగం ఈ పంట కారుతో సరి.

అందుకే సారు దారి చెప్పాడు. గట్టు పక్క వరసలకు గాలీ వెలుతురూ ఎక్కువ కాబట్టి గింజ బరువెక్కుతుంది. అందుకని ఆ అంచు వరసలను ముందే కోసి పక్కన పడేస్తారు, తూకంలో కలపరు. పడమటి అంచు కట్టలను తూర్పు కుప్పల్లో కలిపేయమన్నాడు ఆయన.

"కొంచెం సర్దు తల్లీ. అంతా ఒక పొలంలో పంటే కదా."

అరటిపండు తింటూ అన్నాడు. తొక్క మడిలోకి విసిరి, వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని, అదే చేత్తో ఆమె భుజం తట్టి, కారులోకి వెళ్లి ఏసీ వేసుకుని కూర్చున్నాడు. భుజం మీద ఆ జిగురు ఉందో లేదో చూసుకోవడానికి కూడా ఆమెకు అసహ్యం వేసింది. తల్లీ అన్న మాట మరీ కంపు కొట్టింది. అయినా చేతులు మాట విన్నాయి. నాలుగు కట్టలు తనే మోసుకొచ్చి, ఈకల్లా తేలిపోతున్న తూర్పు కుప్ప మీద పెట్టింది. వాటి నిండు వెన్నులు పాలిపోయిన గడ్డి మీద ఒళ్లు బలిసినట్టు పడి ఉన్నాయి.

రంగనాయకులు వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఏందమ్మా, సారు అన్ని కయ్యల్లో ఒకే మాదిరి పండిందన్నాడే. నాకేమో ఈ తట్టంతా తాలు కనపడతా ఉంది. కళ్లు మసకేసినాయేమోలే."

"నీ కళ్లకు మసకేందన్నా," కట్టలు బల్లకు కొట్టి గింజ రాల్చడానికి సిద్ధమవుతూ, కూలికొచ్చిన వెంకటశేషమ్మ అంది, "ఎదురింటోళ్ల టీవీ నీ అరుగు మీద నుంచే చూస్తావు గదా."

కూలి ఆడవాళ్లంతా నవ్వారు. రంగనాయకులు కూడా నవ్వి, వచ్చే కారుకు కాలవ పక్క పొలమంతా ఇదే వేస్తానని చెప్పాడు. సారే చెప్పినాక ఇంక అనుమానమేముందన్నాడు.

నిజం చెబితే ఉద్యోగం పోతుందనే తన భయమనుకుంది వినీల ఇంతసేపూ. కాదు. వేరే ఉద్యోగం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కారు అద్దం దిగి, సారు మొహం చిన్నబుచ్చుకుని తనవైపు చూస్తాడే, ఆ చూపంటే భయం. చిన్నప్పటి నుంచీ ఎవరి మొహమూ మాడకుండా చూసుకోవడమే తన గుణం. ఇంట్లో దాన్ని మంచితనమన్నారు, కాలేజీలో అణకువన్నారు. దానికోసం ఇప్పుడు ఈ రంగనాయకులు చేత, ఆయన కళ్లు అబద్ధమని ఆయన నోటితోనే అనిపించింది. రేపు చౌట్లో ఎండిపోయిన పైరు ముందు నిలబడినప్పుడు కూడా ఆయన తన కళ్లనే తిట్టుకుంటాడు. ఆ మంచితనం అరటి తొక్క మీద ముసిరిన ఈగల్లా కనిపించింది.

వెంకటశేషమ్మ తూర్పు కుప్ప మీది నిండు కట్టకు చెయ్యి చాపింది.

"అది కాదక్కా. దాన్ని ముట్టుకోవద్దు," అంది వినీల.

కారు వైపు చూడలేదు. ఆ కట్టను రెండు చేతులా పట్టి కిందికి లాగి, గట్టు అవతలికి విసిరింది.