ఎర్రపోగు

సూక్ష్మదర్శినిలో నీటిచుక్కకు అంచే కనపడదు. చూస్తూ ఉంటే మనమే అందులో తేలుతున్నట్టుంటుంది. వికారాబాద్‌లో కాలేజీ ల్యాబులో పనిచేస్తూ ఇన్నేళ్లూ అట్లా తేలినదాన్నే. కానీ ఆరోజు చుక్కలు రెండూ మా ఇంటివి. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఆరునెలల పాపకు తొలిసారి నీళ్లు తాగించాలి. ఏ నీళ్లన్నదే నా గుబులు.

మొదటిది నేను కొనే క్యాన్ నీళ్ల చుక్క. అందులో సన్నటి నీలం ప్లాస్టిక్ పోగులు మెల్లగా ఈదుతున్నాయి. రెండోది మా అత్త నాగవ్వ మరగబెట్టి వడగట్టిన బోరు నీళ్లది. మా ఊరు తాండూరు నీళ్లంటే తెలిసిందేగా, గిన్నె అడుగున సున్నం తెల్లగా పేరుకుపోతుంది. ఆ సున్నం చూసే నేను క్యాన్ తెప్పించాను. తీరా చూస్తే అత్త చుక్కే తేటగా ఉంది, ఒక్క ఎర్రపోగు తప్ప.

"మరిగితే సున్నం ప్లాస్టిక్‌ను పట్టుకొని అడుగుకు దిగుతది కృపా. అంతా పోదు గాని, మస్తు పోతది," అంది పక్కనుంచి చూస్తున్న మా ల్యాబు దేవిక మేడం. "మరి గీ ఎర్రది యాడికెల్లి వచ్చింది?"

ఆ పోగు నా చీరదే, పాలిస్టరంటే ప్లాస్టిక్కే కదా. అత్త వడగట్టే పాత నూలు ధోవతి మాసిపోయిందని ఈసడించి, నా ఎర్ర పాలిస్టర్ చీర చించి ఇచ్చింది నేనే.

సాయంత్రం రైల్లో కునుకు పట్టింది. గుట్టలు, కందిచేలు, నాపరాతి గుంతల్లో నిలిచిన నీళ్లు, అన్నిటి మీదా ఎర్రపోగులు తేలుతున్నాయి. పాప నోరు తెరిచి నవ్వుతోంది. ఒక్కో పోగూ అటే పోతోంది. చెయ్యి చాస్తే అందదు. తాండూరు వచ్చిందని పక్కామె తట్టి లేపింది. నా కళ్లు తడిగా ఉన్నాయి.

ఇంటికి పోగానే, "అత్తమ్మా, నీ పాత గుడ్డ పారేసినవా?" అన్నాను.

"యాడ పారేస్తనే! మీ మామ ధోవతి అది," అంటూ పెట్టెలోంచి తీసింది. ఉతికి, మడతపెట్టి ఉంది.

"మరి నా చీరముక్కతోని ఎందుకు వడగట్టినవ్?"

"నువ్వు ప్రేమతోని ఇచ్చినవ్ గద బిడ్డా. కాదంటే చిన్నబోతవని."

సిగ్గుతో తల దించుకున్నాను. ప్రేమతో కాదు, అసహ్యంతో ఇచ్చాను. ఆ మాట ఎట్లా చెప్పను?

ఆదివారం అత్త నీళ్లు మరగబెట్టి, చల్లారి సున్నం దిగేదాకా గిన్నెను కదలనివ్వలేదు. ధోవతిని నాలుగు మడతలు వేసి నేను పట్టుకున్నాను, ఆమె పోసింది. పాప ఒక గుటక వేసి మొహం చిట్లించింది, మళ్లీ నోరు తెరిచింది. మిగిలిన నీళ్లు నేను తాగాను.

"ఆ చీర ప్రేమతోని ఇయ్యలే అత్తమ్మా," అన్నాను.

"నాకెర్కనే," అంది ఆమె, పాప మూతి తుడుస్తూ.