హాల్వర్ బడి బోర్డులో ఐదో సీటు

మంగళవారం సాయంత్రం ఏడూ యాభైకి హాల్వర్ బడి బోర్డు ఐదో సీటుకి ఓట్ల లెక్కింపు ముగిసింది. ఆర్లిస్ బ్రెక్కీకి నూట ఎనభై ఏడు. సెల్మర్ ఓడెన్‌కి నూట ఎనభై ఏడు.

బడి జిమ్‌లో మడత కుర్చీల్లో కూర్చున్న ముప్పై మందీ లేచి కాఫీ దగ్గరికి వెళ్ళారు. ఆర్లిస్ లేవలేదు. ఆ గదిలో ఆమెకొక్కతికే తెలిసిన సంగతి ఒకటుంది. ఉదయం ఆమె ఓటు వేసింది సెల్మర్‌కి.

బోర్డులో మిగతా నలుగురూ ఏప్రిల్ నుంచి ఇద్దరొక వైపు, ఇద్దరొక వైపు. నలభై ఒక్క మంది పిల్లలున్న హాల్వర్ ఊరి బడిని మూసేసి, వాళ్ళని ముప్పై నాలుగు మైళ్ళ అవతలి బడికి బస్సులో పంపాలా, వద్దా అన్నది తగువు. ఐదో మనిషి ఎటు మొగ్గితే అటు. గోధుమ పండించే సెల్మర్ మూసేద్దామన్నాడు. బాయిలర్ పాతదైంది, టీచర్లు దొరకడం లేదు అన్నాడు. ఆర్లిస్ వద్దంది. ఆ బడి వంటగదిలో ఇరవై ఆరేళ్ళు వండి నిరుడే మానేసిన మనిషి. లేనీ అనే ఆమె మనవరాలు ఆగస్టులో ఆ బడిలో చేరాలి. బడి మూస్తే ఐదేళ్ళ పిల్ల ఉదయం ఆరూ ఇరవైకి బస్సెక్కాలి. అమెరికాలోని ఈ ఉత్తర డకోటాలో జనవరి నెలలో ఆ వేళకి ఇంకా చీకటే. చలి సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉంటుంది.

ఇద్దరూ రెండు నెలలు ఇంటింటికీ తిరిగారు. మే నెల గాలికి సెల్మర్ ప్రచార బోర్డు పడిపోతే ఆర్లిస్ కారు ఆపి, దాన్ని నిలబెట్టి, అడుగున రాయి పెట్టి వచ్చింది.

బుధవారం పొద్దున టిఫిను దగ్గర ఆమె భర్త వెర్న్‌కి చెప్పేసింది.

"ఎవరికేశావూ?"

"సెల్మర్‌కి."

వెర్న్ చెంచా కింద పెట్టాడు. "నీకేమైనా మతి పోయిందా? ఊరందర్నీ నీకెయ్యమని అడిగి, నువ్వెళ్ళి అతనికేస్తావా?"

"నా పేరు పక్కన నేనే టిక్కు కొట్టుకోనా? సిగ్గుండక్కర్లా? మా అమ్మ చూస్తే ఏమనేది?"

"మీ అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళయింది. బస్సెక్కేది లేనీ. పోనీ, ఖాళీగా వదిలెయ్యొచ్చుగా?"

"వదిలేస్తే అలిగినట్టుంటుంది."

హాల్వర్ లూథరన్ చర్చిలో పెద్దల్ని చేతులెత్తి ఎన్నుకుంటారు. పోటీలో ఉన్న మనిషి అవతలి మనిషికే చెయ్యెత్తాలి. తనకి తాను ఎత్తుకున్నవాణ్ణి ఆర్లిస్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బడి బోర్డుకి రహస్య ఓటు. అయినా చెయ్యి అటే పోయింది.

వెర్న్ క్యాలెండరు వెనక లెక్క వేసి చూపించాడు. తనది తనకి వేసుకుని ఉంటే నూట ఎనభై ఎనిమిది, నూట ఎనభై ఆరు. ఆర్లిస్ ఆ రోజు ఏమీ తినలేదు. ఫోన్ మోగితే తియ్యలేదు.

ఓట్లు సమానమైతే చీటీ తీసి, పేరొచ్చిన వాళ్ళకి సీటివ్వాలన్నది చట్టం. గురువారం ఉదయం పది గంటలకి బడి ఆఫీసులో అందరూ కూర్చున్నారు. బోర్డు వ్యవహారాలు చూసే జానెల్ రూడ్ రెండు చీటీల మీద రెండు పేర్లు రాసి, మడిచి, విత్తనాల కంపెనీ టోపీలో వేసింది.

"ఆగు జానెల్. ఒక మాట చెప్పాలి," అంది ఆర్లిస్. "సెల్మర్, నేను ఓటు నీకే వేశాను."

సెల్మర్ ఆమె వంక చూశాడు.

"అదేంటి, ఎందుకూ?"

"ఇంకెవరికేస్తాం?"

"అదీ నిజమేలే." సెల్మర్ మెడ రుద్దుకున్నాడు. "నేను నీకేశాను."

"దేవుడా," అన్నాడు వెర్న్.

"రెండ్రోజుల్నుంచి మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు ఆర్లిస్. పిల్లికి చెప్తోంది, నేను వినాల్సిందంతా."

జానెల్ కాగితం మీద కూడి, తీసేసి చూసింది. "ఎవరిది వాళ్ళేసుకున్నా నూట ఎనభై ఏడు, నూట ఎనభై ఏడే. ఏమీ మారదు."

"ఇంకోసారి చెప్పు," అంది ఆర్లిస్.

జానెల్ చెప్పింది. గుండె మీద బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది ఆర్లిస్‌కి. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆకలేసింది. బల్ల మీదున్న రూబార్బ్ కాడల తీపి రొట్టె ముక్క పళ్ళెంతో తీసుకుని నించునే తినేసింది.

"ఇక తియ్యండి," అంది జానెల్.

"నువ్వు తియ్యి ఆర్లిస్."

"అబ్బే, నువ్వు పెద్దవాడివి."

"నాలుగు నెలల పెద్దరికం కూడా ఒక పెద్దరికమేనా? నువ్వు తియ్యి."

"నేను తీస్తే బాగుండదు."

"మీ ఇద్దరి మర్యాదలూ తేలేసరికి బడి తెరిచే రోజొస్తుంది," అని జానెల్ తనే చెయ్యి పెట్టి ఒక చీటీ తీసింది. చదివింది. తర్వాత రెండోది కూడా తీసి అందరికీ చూపించింది.

మొదటి చీటీ మీద ఆర్లిస్ బ్రెక్కీ. టైము పదీ పద్నాలుగు.

వెర్న్ గోడకి ఆనుకుని ఊపిరి వదిలాడు. ఆర్లిస్ కుర్చీలో కూర్చుంది. చేతిలో రొట్టె పళ్ళెం ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సెల్మర్ దాన్ని అందుకుని బల్ల మీద పెట్టి, ఆమెకి చెయ్యిచ్చాడు.

"బాయిలర్ సంగతి ఇక నీదే. నేనెళ్ళి మా ఆవిడతో మాట్లాడి చూస్తాను."

జూలై పదకొండున బోర్డు సమావేశమైంది. బడి మూసివేత తీర్మానానికి అనుకూలంగా రెండు ఓట్లు, వ్యతిరేకంగా మూడు. తీర్మానం వీగిపోయింది. సమావేశం రాత్రి ఎనిమిదీ ఐదుకి ముగిసింది.