తలుపు కొలత

సీసాలాయన బీకర్లు కడగడం మొదలుపెట్టేసరికి ల్యాబ్‌కి ఇంకా ఎవరూ రాలేదు. మూడుసార్లు పంపు నీళ్లతో, ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. వేళ్ల చివర్లు పొట్టు లేచాయి, ఎడమ బొటనవేలి మీద యాసిడ్ పెట్టిన తెల్లమచ్చ ఉంది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడదు.

ఐదుగురు ప్రొఫెసర్లు కొత్తగా ల్యాబ్ పెట్టడం చూశాడాయన. అందరిదీ ఒకటే తంతు. వచ్చీ రాగానే కేటలాగుల మీద పడతారు, అడిగినవాళ్లనల్లా విద్యార్థులుగా చేర్చుకుంటారు, ఆపైన గది తలుపేసుకుని నిధుల కోసం దరఖాస్తులు రాస్తూ కూర్చుంటారు. ఆరో ఆవిడ ఈ మేడమ్. వయసులో ఆయన కూతురంత. తెలివికి లోటు లేదు గానీ ఊపిరి తీసుకునే తీరిక లేదు పాపం.

"కొత్త ఫ్రీజరు ఆర్డరు పెట్టేముందు మన తలుపు కొలవండమ్మా," అని ఆయన ముందే చెప్పాడు.

"అవన్నీ కంపెనీవాళ్లు చూసుకుంటారు లెండి," అందావిడ.

నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువై, కొత్త ఫ్రీజరు నెల్లాళ్లుగా వరండాలో పెట్టెలోనే నిలబడి ఉంది. మేడమ్ ఆరేళ్ల కష్టం, ఇక్కడికి రాకముందునుంచీ ఆవిడ పోగుచేసిన నమూనాలన్నీ, పాతదాంట్లోనే గడ్డకట్టి ఉన్నాయి. కరిగితే మళ్లీ దొరకవు.

పదకొండింటికి ఆ పాతదాని గొళ్లెం ఊడి చేతికొచ్చింది. నొక్కితే తలుపు మూసుకుంటోంది, వదిలితే వేలెడు తెరుచుకుంటోంది. టేపు వేశాడు, తడికి ఊడిపోయింది. అడ్డం జరుపుదామంటే బల్లలన్నీ నేలకి బిగించినవే. మెకానిక్ సాయంత్రం ఆరింటికి గానీ రానన్నాడు. విద్యార్థులంతా ఏదో శిక్షణకని ఊరెళ్లారు. ఊగే కాలికి టేపు చుట్టి తను వాడుకుంటున్న, ఎప్పటినుంచో పారేయమని మేడమ్ పోరుపెడుతున్న కర్ర స్టూలు లాక్కొచ్చి, దానిమీద కూర్చుని, వీపుతో తలుపు నొక్కిపట్టాడు. మేడమ్‌కి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఒక్కసారి ల్యాబ్‌లోకి రండి. ఫ్రీజరు తలుపు పడట్లేదు."

"పెద్దాయనా, ఐదింటికి దరఖాస్తు గడువు. పది నిమిషాల్లో వస్తా, కాస్త మీరే చూడండి."

"చూస్తానమ్మా. మీరు రండి మాత్రం."

ఒంటిగంటకి భార్య ఫోన్ చేసింది. "తిన్నారా?"

"లేవలేనే. లేస్తే ఒకావిడ ఆరేళ్లు నీళ్లపాలు."

"మరి మీ నడుం?"

"అదెప్పుడో అయింది నీళ్లపాలు," అని నవ్వాడు.

మూడు దాటాక ఎడమ భుజం లాగడం మొదలైంది. చలికేలే అనుకున్నాడు. ఆవిడ వస్తే కసరకూడదు, ఒక్కమాట చెప్పాలి: రోజుకో గంట ఆ గది వదిలి ఇటు రండమ్మా, ల్యాబ్ ఇక్కడ ఉంది. ఎలా చెబితే నొచ్చుకోదో ఆలోచిస్తూ కళ్లు మూసుకున్నాడు. కాళ్లు మాత్రం నేలకి తన్నిపట్టే ఉన్నాయి.

మేడమ్ వచ్చేసరికి ఐదుంపావు అయింది. "వచ్చాను పెద్దాయనా," అంది. ఇంకోసారి అంది. భుజం మీద చెయ్యి వేసి, గబుక్కున వెనక్కి తీసుకుంది. ఫ్రీజరు పైన అంకె ఎప్పటిలాగే మైనస్ ఎనభై చూపిస్తోంది, ఒక్క డిగ్రీ కదల్లేదు.

అంబులెన్సు వాళ్లు ఆయన్ని ఎత్తగానే తలుపు వేలెడు తెరుచుకుంది. ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వెళ్లి ఆయన కూర్చున్నచోటే కూర్చుని, మెకానిక్ వచ్చేదాకా వీపుతో నొక్కిపట్టింది.

తర్వాత గోడ కొట్టి ద్వారం వెడల్పు చేశారు, కొత్త ఫ్రీజరు లోపలికి వచ్చింది. పాతది పోయింది. కర్ర స్టూలు మాత్రం అక్కడే ఉంది, కాలికి ఆయన చుట్టిన టేపు సగం ఊడి వేలాడుతూ.