నలభై ఒకటో కార్డు

చేతిలో ఉన్నవి నలభై ఒక్క కార్డులు. నలభై మ్యూజియం ఇచ్చినవి, ఒకటి సొంత సరుకు. మ్యూజియానికి వచ్చే పిల్లలకు వాటిని పంచే కార్డుల తాత ఒక్కొక్కదాన్నీ తడిగుడ్డతో తుడిచి, పేకముక్కల్లా కలిపాడు. ఒక్కో కార్డు మీద ఆనాటి ఊచకోతలో చిక్కుకున్న ఒక పిల్ల పేరు, వయసు, ఫొటో. బడిపిల్లలు తలా ఒకటి మెడలో వేసుకుని గదులన్నీ తిరగాలి. చివర రాతిగోడ మీద ఆ పేరు వెతకాలి. ఉంటే పోయినట్టు, లేకపోతే బతికినట్టు. అదీ పాఠం.

నలభై ఒకటోదాని మీద ఫొటో లేదు. అది అతని చెల్లెలిది. ఆ ఊచకోతలోనే, తన ఆరేళ్ళప్పుడు పోయింది. ఇల్లు తగలబెట్టినవాళ్ళు కాగితాలు మిగల్చలేదు. కాగితం లేనిదే గోడ మీదికి పేరు ఎక్కదు. మూడు అర్జీలు పెడితే మూడూ తిరిగొచ్చాయి. దాంతో పేరు తానే రాసి, పదకొండేళ్ళుగా మిగతావాటిలో కలిపేస్తున్నాడు. గోడ మీద చోటు లేకపోతే పోనీ, రోజుకో గంట ఏదో ఒక పిల్ల మెడలో తిరుగుతుంది కదా అని ఆ బేరానికి సర్దుకున్నాడు. కార్డు ఎవరికి పడిందో కనిపెట్టి, గోడ దగ్గరికి ముందే చేరుకుని చెవిలో చెప్పేవాడు: "ఈ పాప కూడా పోయిందమ్మా. రాయడం మర్చిపోయారు."

ఇవాళ మోకాలు మొరాయించింది. మెట్లెక్కి చేరేసరికి రెండు జడల పిల్ల గంతులేస్తోంది.

"నాది బతికింది! నాది బతికింది!"

"తొండి! దానికి ఫొటోనే లేదు," అంది పక్కపిల్ల.

పాఠాలు చూసుకునే మేడమ్ ఆ కార్డు తీసి తిప్పి చూసింది. పిల్లల్ని బస్సెక్కించాక అతన్ని పిలిచింది.

"ఇది మీ చేతిరాతే కదా, బాబాయ్?"

"మా చెల్లెలమ్మా."

"ఏదైనా ఆధారం ఉందా?"

"నేనున్నాను కదమ్మా."

"మీరు ఆధారం కాదు, బాబాయ్. అసలు ఆ చావులే జరగలేదనేవాళ్ళు ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉన్నారు. ఒక్క దొంగ కార్డు దొరికిందంటే చాలు, మిగతా నలభైనీ కట్టుకథలంటారు."

"దొంగ కార్డా?"

మేడమ్ మొహం తిప్పుకుని, కార్డుతో గదిమూలకు నడిచింది. ఆమె మాటలో తప్పు పట్టడానికి అతనికి ఏమీ దొరకలేదు. అది మరీ కాల్చింది. కాగితాలు చీల్చే యంత్రం కార్డును రెండు క్షణాల్లో నమిలేసింది.

"రేపట్నుంచి సంచులు దాచే గదిలో కూర్చోండి. ఈ వయసులో మీకూ హాయి."

అతను నలభై కార్డులూ లెక్క చూసి అప్పగించాడు. సంచుల గదిలోకి వెళ్ళి బల్ల మీద కూర్చుని, గోడకు తల ఆనించాడు.

తలుపులు మూసే వేళకు వాచ్‌మన్ వచ్చాడు. "ఏంటి తాతా, కాపురం ఇక్కడికే మార్చేశావా?" అని భుజం తట్టాడు. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి అప్పటికే చల్లబడింది.

పదకొండేళ్ళలో ఆ చెల్లెల్ని మెడలో మోసిన పిల్లలు రెండు వేలకు పైనే. మ్యూజియానికి ఇన్నాళ్ళూ ఆమె పేరు మీద ఒక్క కాగితమూ లేదు. మర్నాడు ఒకటి చేరింది. ముందురోజు బడిపిల్లలు వెళ్ళేముందు తమ కార్డు గురించి నింపిన కాగితాల మీద మేడమ్ చదవకుండానే వరసగా ముద్రలు వేసి, ఫైలులో పెట్టి బీరువాకు తాళం వేసింది. వాటిలో ఒకదాని మీద చెల్లెలి పేరు పూర్తిగా, తప్పు లేకుండా ఉంది. దాని కింద గుండ్రటి అక్షరాలు: "ఈ పాప తప్పించుకుంది. నాకు చాలా సంతోషం." ఆ పక్కనే ఊదారంగు ముద్ర, తడి ఇంకా ఆరలేదు.