బండి దిగిన ఆడవాళ్లు

దొమ్నికాను పెట్రోలు బంకు పక్కన సిమెంటు బల్ల మీద పడుకోబెట్టారు. పడుకోబెట్టారని మర్యాదకు అంటున్నాను. డ్రైవరు టోడెర్ ఆమె చంకల కింద చేతులు వేసి బండిలోంచి లాగాడు. కాళ్లు మెట్టుకు కొట్టుకుని ఒక చెప్పు ఊడిపోయింది. ఆ చెప్పును కూడా బయటికి విసిరేశాడు. నేను పక్కనే ఉండి చూశాను.

మేమంతా ఆస్ట్రియాలో ముసలివాళ్ల ఇళ్లల్లో ఉండి పనిచేసే రుమేనియా ఆడవాళ్లం. వాళ్లను లేపుతాం, కడుగుతాం, తినిపిస్తాం. రాత్రి వాళ్లు మూలిగితే లేస్తాం. కొన్ని వారాలు పనిచేశాక మార్పిడి రోజు వస్తుంది. మా బదులు ఇంకొకరు దిగుతారు, మేం ఇళ్లకు పోతాం. ఆరోజు అలాగే పోతున్నాం. హంగరీ మైదానాల మీద ఆగస్టు ఎండ మండిపోతోంది. దొమ్నికా పొద్దుటి నుంచీ కడుపు పట్టుకుని ముడుచుకుని ఉంది. నీళ్లు తాగిస్తే కక్కేసింది.

ఆమె చూసుకునే ముసలాయన ఆంబోతంత మనిషి. స్నానాలగదిలో జారిపడితే ఒక్కత్తే ఎత్తింది. లోపల ఏదో పుటుక్కుమందట. ఇంటావిడకు చెబితే నొప్పి మాత్రలు చేతిలో పెట్టి, "నీ బదులు మనిషి వచ్చేదాకా ఓర్చుకో" అందట. ఓర్చుకుంది.

"ఒరేయ్ టోడెర్, ఆస్పత్రికి పోనీరా" అని స్టెలూత్సా అరిచింది. మా అందరిలో చిన్నది, నోరు పెద్దది.

"నా బండిలో చస్తే సరిహద్దు దగ్గర పోలీసులకు జవాబు ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?" అన్నాడు వాడు. అప్పటికే ఫోనులో వలేరియు ఉన్నాడు. మమ్మల్ని ఆస్ట్రియా ఇళ్లల్లో పనికి పంపే ఏజెన్సీకి అతనే మేస్త్రి. మా జిల్లావాడే. ఒకప్పుడు ఇదే బండి తోలాడు. అతని గొంతు మా అందరికీ వినిపించింది.

"దింపెయ్. కాస్త నీడ చూసి దింపు. మిగతావాళ్లను ఎక్కించుకుని కదులు."

"నీడ చూసి దింపమన్నాడే! ఎంత దయగల తండ్రో!" అని స్టెలూత్సా తన సంచీ లాక్కుని దూకింది. వెనకే నేనూ దిగాను. బండిలో మిగిలినవాళ్లు తలలు వంచుకున్నారు. బండి వెళ్లిపోయింది. దొమ్నికా పెట్టె కూడా అందులోనే వెళ్లిపోయింది.

బంకులో పనిచేసే పిల్ల అంబులెన్సుకు ఫోను చేసింది. అది ఎంతసేపటికీ రాలేదు. దొమ్నికా నా చెయ్యి పట్టుకుని, "అగ్లాయా, ఇలారియెకు చెప్పకు, కంగారుపడతాడు" అంది. ఇలారియె ఆమె భర్త. ఆ తర్వాత ఆమె ఏమన్నదో అర్థం కాలేదు.

మా ఊళ్లల్లో ప్రాణం పోయేటప్పుడు మనిషి చేతిలో కొవ్వొత్తి వెలగాలి. వెలుగు లేకుండా పోవడమంత పాడుచావు మాకు ఇంకోటి లేదు. ఎక్కడి నుంచి తేవాలి? స్టెలూత్సా తన సిగరెట్టు లైటరు వెలిగించి దొమ్నికా వేళ్ల మధ్య పట్టుకుంది. లారీలు పోయినప్పుడల్లా ఆరిపోయేది. మళ్లీ వెలిగించేది. రేకు కాలి దాని బొటనవేలు పొక్కింది. అయినా వదల్లేదు. అంబులెన్సు వచ్చేసరికి వెలిగించాల్సిన అవసరం తీరిపోయింది.

శవాన్ని దగ్గరి పట్నంలో ఆస్పత్రి చలిగదిలో పెట్టారు. బొటొషాని దగ్గర వాళ్ల ఊళ్లో ఇలారియె గొయ్యి తవ్వించాడు. మూడోనాడు పూడ్చాలి మాకు. మూడోనాడు పోయింది, వారం పోయింది. గోతిలో వాన నీళ్లు చేరాయి. శవాన్ని పంపమని ఏజెన్సీని బతిమాలాడు. అవతలి నుంచి ఒక ఆడపిల్ల ఎంతో మర్యాదగా చెప్పిందట: "అయ్యా, చట్టం ప్రకారం మీ భార్య మా పనిమనిషి కాదు. సొంత వ్యాపారం చేసుకునే యజమానురాలు. ఆవిడ ప్రయాణాలు ఆవిడ సొంత బాధ్యత."

మేమందరం యజమానురాళ్లమే. కాగితాల మీద వేలిముద్ర పెట్టించుకున్నట్టు సంతకాలు పెట్టించుకుని మమ్మల్ని యజమానురాళ్లను చేశారు. జబ్బుచేస్తే సెలవు లేదు, యజమానికి సెలవేమిటి? నడుం విరిగితే పరిహారం లేదు, యజమానికి ఎవరిస్తారు? ఆస్ట్రియా ఆడది ఆస్పత్రిలో ఇదే పని చేస్తే ఎనిమిది గంటల పని కాగానే ఇంటికి పోతుంది. మేం ఆ ఇంట్లోనే పడుకుంటాం. ఆమె జీతంలో మాకు వచ్చేది ఎంగిలి. ఒకే ఐరోపా అంటారు. ఒకే ఆకాశం కింద రెండు రకాల నడుములున్నాయి.

మళ్లీ మార్పిడి రోజు వచ్చింది. దొమ్నికా ఇంకా చలిగదిలోనే ఉంది. ఆస్ట్రియాకు తిరిగి పోతున్న బండిలో మాట మొదలుపెట్టింది స్టెలూత్సా.

"మైదానం దగ్గర దిగుదాం. చిన్న బళ్లు మాత్రం ఎక్కొద్దు. దొమ్నికాను ఇంటికి పంపేదాకా ఎవరూ ఎక్కొద్దు."

మైదానం అంటే ఆస్ట్రియాలోకి అడుగుపెట్టగానే ఊరి చివర ఉన్న పెద్ద ఖాళీ స్థలం. అన్ని జిల్లాల బళ్లూ పొద్దున్నే అక్కడికే చేరతాయి. పేర్లు పిలుస్తారు. ఎవరు ఏ ఇంటికో చెప్పి చిన్న బళ్లల్లోకి పంచుతారు. పచ్చిగా చెప్పాలంటే కూలీల అడ్డా.

"ఎక్కకపోతే ఏమవుతుందో తెలుసా?" అంది సవేతా. వెనక సీట్లో కూచునే పెద్దావిడ, ఇరవై ఏళ్లుగా ఈ దారిలోనే అరిగిపోయింది. "మన బదులు బల్గేరియా వాళ్లు ఎక్కుతారు. ఇంకా తక్కువకు. నా కూతురి చదువు నీ అరుపులతో నడవదు తల్లీ."

"నువ్వు ఎట్లా వచ్చావక్కా ఈ పనికి? స్లొవాకియా ఆడవాళ్ల కంటే తక్కువకు ఒప్పుకునే కదా?"

"వచ్చాను. అయితే?"

"వాళ్ల నోటి దగ్గరది నువ్వు లాక్కున్నావు. రేపు నీ నోటి దగ్గరది ఇంకొకత్తి లాక్కుంటుంది. పైన కూచున్నవాడు మాత్రం కదలడు. మెట్లు మెట్లుగా మనమే దొర్లుతున్నాం."

"మరి ముసలివాళ్లు?" అన్నాను నేను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "నేను పోకపోతే ట్రౌడల్ ముసలమ్మను ఎవరు లేపుతారు?"

అందరికీ ఒక్కో ట్రౌడల్ ఉంది. మమ్మల్ని కట్టిపడేసిన తాడు అదే.

"అగ్లాయక్కా, దొమ్నికా కూడా ముసలాయన్ను లేపింది" అంది స్టెలూత్సా.

ముందు నుంచి టోడెర్, "నోళ్లు మూసుకోండి, వలేరియుకు చెప్తా" అన్నాడు.

"చెప్పరా. ఈసారి నీడ ఎక్కడుందో కూడా అడిగి పెట్టుకో" అంది సవేతా. ఆమె నోట్లోంచి ఆ మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకున్నట్టు లేదు.

మైదానంలో బళ్లు నిండాయి. పేర్లు పిలిచారు. పిలిచిన ఆడది కదల్లేదు. ఇంకో పేరు పిలిచారు. ఆమె పెట్టె మీద కూచుంది. స్టెలూత్సా ఒక బండి వెనక మెట్టు మీదకు ఎక్కి దొమ్నికా కథ చెప్పింది. అలంకారాలేం లేవు. బల్ల, చెప్పు, లైటరు. దక్షిణాది జిల్లాల వాళ్లు ఆ సంగతి విననే లేదు. విన్నవాళ్లు సంచులు కింద పెట్టారు.

అవతలి పక్క స్లొవాక్ ఆడవాళ్లు వేరే గుంపుగా నిలబడ్డారు. మేమంటే వాళ్లకు పడదు. వాళ్లలోంచి బోజెనా అనే బొద్దావిడ నడుచుకుంటూ వచ్చింది. వచ్చీరాని జర్మనులో అంది: "ఇన్నాళ్లూ మిమ్మల్ని తిట్టుకున్నాం. మీరు వచ్చాక మా రేటు పడిపోయింది. ఇవాళ మీతో కూచుంటాం."

"ఎందుకు?"

"మాకూ ఒక దొమ్నికా ఉంది. నిరుడు పోయింది. మేం నోరెత్తలేదు."

వలేరియు నల్లకారులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెవిలో ఫోను. "చెల్లెళ్లూ, ఏమిటీ గోల? మనం మనం ఒకటి" అని మొదలుపెట్టాడు.

"మనం మనం ఒకటైతే నీ కారెక్కడిది?" అని ఎవరో అన్నారు. మైదానమంతా నవ్వింది.

అతని మొహం మారింది. చెవిలో ఫోను తీసి ఒక నంబరు నొక్కి, అందరికీ వినపడేట్టు పైకెత్తి పట్టుకున్నాడు. "అగ్లాయా, నీకే. విను."

ట్రౌడల్ ముసలమ్మ గొంతు. "అగీ! ఎక్కడున్నావే? పక్క తడిసిపోయింది. చలేస్తోంది. వచ్చెయ్యవే తల్లీ..." ముసలమ్మ చంటిపిల్లలా ఏడుస్తోంది. ఇన్నాళ్లూ నా బదులు ఉన్న మనిషి అప్పుడే బండెక్కి వెళ్లిపోయింది. ఆమె ఇంట్లో ఒంటరిగా ఉంది.

ఆ మనిషిని నేను నా తల్లి కంటే ఎక్కువసార్లు కడిగాను. వలేరియు నా వంకే చూస్తున్నాడు. గుంపంతా నా వంకే చూస్తోంది. ఫోను దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, మీ అబ్బాయి గ్రాజ్‌లోనే ఉన్నాడు కదా. అరగంటలో రాగలడు. పిలవండి."

"వాడికి పళ్ల ఆస్పత్రిలో పని ఉంటుందే. నువ్వు రా."

"ఇవాళ నేను రాను అమ్మా."

అంత కసాయి మాట నా బతుకులో ఇంకెవరితోనూ అనలేదు. ఆ ముసలమ్మ ఏ పాపమూ చెయ్యలేదు. ఆమెను అడ్డుపెట్టుకుని మా మెడలు వంచినవాళ్లు ఆ మైదానంలోనే లేరు. వాళ్లకు అక్కడికి రావలసిన అవసరమే ఎప్పుడూ పడదు.

వలేరియు ఫోను కట్టేశాడు. మెత్తబడ్డాడు. "సరే. దొమ్నికా శవాన్ని పంపిస్తా. జాలితో, నా పూచీ మీద. ఇలారియెకు ఇప్పుడే ఫోను చేస్తా. చాలా? ఎక్కండి."

గుంపు కదిలింది. ఎవరిని తప్పుపట్టగలం? అడిగింది అదే కదా. కొందరు సంచులు ఎత్తుకున్నారు. ఒకత్తె బండి మెట్టు మీద కాలు కూడా పెట్టింది. స్టెలూత్సా అరుస్తోంది గానీ ఎవరూ వినడం లేదు.

అప్పుడు సవేతా ముందుకొచ్చి నిలబడింది. "వలేరియు, ఒక్క సంగతి. ఈసారి తిరుగు ప్రయాణంలో నేను పడిపోతే?"

"ఎందుకక్కా పాడుమాటలు?"

"పడిపోతే ఆస్పత్రికి తీసుకుపోతావా? ఎవరి పూచీ?"

"అప్పుడు చూద్దాంలే. నువ్వు... చట్టం ప్రకారం నువ్వు యజమానురాలివి."

సవేతా తన పెట్టె పిడి పట్టుకుంది. "యజమానురాలినా? అయితే నా వ్యాపారం ఇవాళ మూసేశాను" అని పెట్టె అడ్డంగా పడేసి, బండి తలుపుకు ఎదురుగా దాని మీద కూచుంది.

మెట్టు మీద కాలు పెట్టిన ఆడది కాలు దించింది.

ఆ తర్వాత పోలీసులు వచ్చారు. దారికి అడ్డం పడ్డామన్నారు. రోగుల ప్రాణాలతో ఆడుకుంటున్నామన్నారు. స్టెలూత్సాను మెట్టు మీద నుంచి లాగితే మొహం నేలకు కొట్టుకుంది. పెదవి చితికి నెత్తురు గడ్డం మీదకు కారింది. చేతులు వెనక్కి విరిచి కారులో కుక్కారు. అది కిటికీలోంచి ఏదో అరిచింది. అద్దం వేసి ఉంది, వినపడలేదు.

పోలీసు కారు ఊరివైపు వెళ్లింది. బోజెనా తన సంచీ భుజాన వేసుకుని ఆ కారు వెళ్లిన దారి పట్టింది. వెనక సవేతా. వెనక మేమంతా. ఈ దేశంలో ఇన్నేళ్లున్నా మాకు తెలిసినవి బండి, ఇల్లు, మళ్లీ బండి. వీధిలో గుంపుగా నడిచింది అప్పుడే. పెట్టెల చక్రాలు రోడ్డు మీద గరగర మోగుతుంటే కిటికీల తెరలు తొలిగాయి. లోపలి నుంచి ముసలి మొహాలు చూశాయి. వాటి వెనక, మాలాంటి ఆడవాళ్ల మొహాలు.

సగం దారిలో నా ఫోను మోగింది. ట్రౌడల్ కొడుకు. "మా అమ్మ మంచం దిగబోయి పడింది. తుంటి విరిగింది. నువ్వు చేసిన పనే ఇది!" అరుస్తున్నాడు, ఏడుస్తున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే నడిచాను. మర్నాడు అక్కడి పత్రికల్లో ఆమె తుంటి గురించి రాశారు. దొమ్నికా గురించి ఒక్క ముక్క లేదు.

మేం ఇంకా ఆ దారిలో ఉండగానే ఎదురుగా కొత్త బళ్లు వచ్చాయి. లోపల నిండుగా ఆడవాళ్లు. బళ్లకు బల్గేరియా నంబరు ప్లేట్లు. సవేతా చెప్పింది అక్షరాలా జరిగింది. టోడెర్ దారిలోనే ఫోను చేసి ఉంటాడు, వలేరియు రాత్రికి రాత్రే పిలిపించాడు. మేం రోడ్డు మధ్యకు వచ్చేసరికి ముందు బండి ఆగి హారను మోగించింది. కిటికీల్లోంచి ఎండిన చేతులు, భయపడిన కళ్లు. మా వాళ్లలో ఒకత్తె రాయి అందుకుంది.

"పారెయ్!" అని బోజెనా గదిమింది. కిటికీ దగ్గరకు వెళ్లి తన స్లొవాక్ భాషలో, చేతులు తిప్పుతూ, నింపాదిగా చెప్పింది. ఆ రెండు భాషలూ దూరపు చుట్టాలు. ఆడది, చచ్చిపోయింది, బల్ల మీద, పోలీసు. ఆ నాలుగు మాటలూ దాటినట్టున్నాయి. లోపల ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. డ్రైవరు వెనక్కి తిరిగి కసిరాడు. ఎవరో వాడికి ఎదురు చెప్పారు.

పక్క తలుపు బర్రున జరిగింది. తలకు గుడ్డ కట్టుకున్న ఒక నడివయసు ఆడది సంచీ ముందు కిందకు విసిరి, తర్వాత తనూ దిగింది. మా మాట ఆమెకు రాదు, ఆమె మాట మాకు రాదు. పోలీసు స్టేషన్ ఎటని చేత్తో అడిగింది. చూపించాం. ఆమె వెనక ఇంకొకత్తె దిగుతోంది.