గింజ కింద అరసున్న

మధ్యాహ్నం ల్యాబు నుంచి రాగానే నా మొదటి పని మా ఆయన పచ్చబొట్ల షాపులో కుర్చీ తుడవడం. తర్వాత చెయ్యి ఆనించే చిన్న దిండు, దీపం మెడ, ఇంకు చుక్కలు పడ్డ బల్ల. స్పిరిట్ వాసన నాకు కొత్త కాదు. పొద్దున్న ఆరున్నర నుంచి ఒంటిగంట దాకా అదే వాసనలో నిలబడి జనం చేతుల్లోంచి రక్తం తీస్తాను. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి తగలకూడదని, గ్లౌజులతో ఫోను ముట్టుకోకూడదని ఆయనకు నేర్పింది నేనే. నేర్పానని ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆయనే ఒకసారి నలుగురిలో అన్నారు, "మా ఇద్దరి చేతుల్లోనూ సూదే. కాకపోతే నాది కళ, తనది ఉద్యోగం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందులో నవ్వాల్సిందేముందో కుర్చీ తుడిచినప్పుడల్లా వెతుక్కుంటాను.

పచ్చబొట్ల బొమ్మలు గీసేది కూడా నేనే. వచ్చినవాళ్లు ఏం కావాలో ఆయనకు చెబుతారు, ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి నాకు రెండు ముక్కల్లో చెబుతారు. "పిట్ట. ఎగురుతుండాలి, కానీ దిగులుగా ఉండాలి." పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది. ఒక కన్ను దాని మీద, ఒక కన్ను కాగితం మీద పెట్టి దిగులు పిట్టను గీసి ఇస్తాను. ఆయన దాన్ని ఊదారంగు కాగితం మీదికి దించి, చర్మానికి అద్ది, దాని వెంట సూది నడిపిస్తారు. మా అత్తగారు షాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లకు చెబుతుంటారు, "మావాడికి చిన్నప్పట్నించీ చేతిలో బొమ్మ ఉంది." నేను గీయడం ఆవిడ కళ్లారా చూస్తారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే మాత్రం, "మొగుడికి ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎట్లా?" అంటారు. కాగితం మీద ఉన్నంతసేపే అది సాయం. చర్మం మీదికి ఎక్కగానే కళ అయిపోతుంది.

నేను గీసిన ప్రతి బొమ్మ కింద ఒక అరసున్న పెడతాను. మా ఊరి బడిలో తెలుగు మాస్టారు ముసలాయన. అందరూ ఎప్పుడో వదిలేసిన అరసున్నను ఆయన ఒక్కడే నల్లబల్ల మీద ఓపిగ్గా దిద్దేవారు. "అది లేకపోతే 'ఏడు' అంటే ఉత్త అంకె. ఉంటే సంవత్సరం. పలకదు గదాని తీసిపారేస్తే అర్థమే మారిపోతుందర్రా," అనేవారు. క్లాసులో నేను నోరు తెరిచేదాన్ని కాదు. హాజరు పలికినా నాకు మాత్రమే వినపడేది. ఒకరోజు వెనకబెంచీ పిల్ల, "సార్, ఇదిగోండి అరసున్న. రాతలో ఉంటుంది, మాటలో ఉండదు," అంది. బడి మొత్తానికీ అదే నా పేరైపోయింది. నాకు కోపం రాలేదు, ఏదో నచ్చింది. పెళ్లయిన మొదటి వారంలో ఆయనకు ఈ సంగతి చెప్పాను. "భలే పేరు," అని నవ్వారు. ఆ తర్వాత దించేటప్పుడు ప్రతిసారీ దాన్ని వదిలేసేవారు. ఒకసారి అడిగితే, "అదా? ఇంకు పడిందనుకున్నా," అన్నారు.

నా ఎడమ మణికట్టు లోపలి వైపు బొటనవేలంత వంకర గీత ఉంది. ఆయన మిషను కొన్న కొత్తలో సొరకాయల మీద, అరటితొక్కల మీద చెయ్యి సాధన చేశారు. ఆ తర్వాత, "ఇక మనిషి చర్మం కావాలి. ఎవరిస్తారు? నీ చెయ్యి ఇలా పెట్టు," అన్నారు. పెట్టాను. ఆయన చెయ్యి వణికింది. గీత మొదట్లో లోతుగా దిగి, మధ్యలో తడబడి, చివర పక్కకు జారిపోయింది. "ఏడవకే పిచ్చిదానా. చెయ్యి తిరిగాక దీన్నే మంచి బొమ్మగా మారుస్తాగా," అన్నారు. ఆయన చెయ్యి తిరిగి ఆరేళ్లయింది. ల్యాబులో ఒక పెద్దావిడ ఆ గీత చూసి, గొంతు తగ్గించి, "ఎందుకు కోసుకున్నావమ్మా? నీకేం కష్టమొచ్చింది?" అని అడిగింది. అప్పట్నించీ దాని మీద వాచీ పెట్టుకుంటున్నాను.

మూడేళ్ల కింద నాకు కడుపొచ్చింది. మొదటి స్కానింగులో డాక్టరు, "ఇప్పటికి చిక్కుడు గింజంత ఉందమ్మా," అన్నది. గింజ అని పేరు పెట్టింది ఆయనే. షాపు నుంచి రాగానే, "గింజ ఏం చేస్తోంది?" అని అడిగేవారు. ఐదో నెలలో పోయింది. హాస్పిటల్ నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే మా అత్తగారు తలుపు దగ్గర నిలబడి, "బారసాల కూడా కానిదానికి ఇంత ఏడుపా? ఊరుకో, మళ్లీ వస్తుంది," అన్నారు, పోయిన బస్సు గురించి చెప్పినట్టు. నేను గింజ మాట ఎత్తబోతే చాలు, ఆయన చెయ్యి అడ్డం పెట్టేవారు. "వద్దు. ఆ మాట అనకు. నేను తట్టుకోలేను." నమ్మాను. నాకంటే ఎక్కువ బాధపడుతున్నారు, అందుకే మాట రావడం లేదనుకున్నాను. "ఇంట్లో కూర్చుంటే ఇంకా ఏడుస్తావు, డ్యూటీకి వెళ్లు," అని ఆయనే అంటే వారం తిరక్కుండా వెళ్లాను. ఆయన ముందు ఏడవకూడదని, స్నానాల గదిలో నీళ్లు వదిలి ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక బొమ్మ గీశాను. చిక్కుడు గింజ, దాని పక్కన అప్పుడే తల వంచి బయటికి రాబోతున్న మొలక. కింద అరసున్న. ఎవరూ చెప్పకుండా నాకోసం నేను గీసుకున్నది ఆ ఒక్కటే. తీసుకెళ్లి ఆయనకు చూపించి, "దీన్ని నా చేతి మీద, ఆ గీత ఉన్నచోట వెయ్యండి," అన్నాను. చాలాసేపు చూశారు. "వేస్తాను. కుదిరినప్పుడు," అన్నారు. కాగితం బీరువాలో దుప్పట్ల కింద దాచాను. కుదరలేదు. పెళ్లిళ్ల సీజన్ అన్నారు, మిషను రిపేరన్నారు, ఆదివారం రద్దీ అన్నారు. నేనూ తొందర పెట్టలేదు. ఆ బొమ్మ వెయ్యాలంటే ఆయనకు చెయ్యి ఆడదని అనుకున్నాను.

మొన్న మంగళవారం ల్యాబుకు పరగడుపున ఒక టీచరు వచ్చింది. కూర్చుంటూనే, "అక్కా, నాకు సూదంటే భయం, కాస్త మాటల్లో పెట్టండి," అంది. "చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి," అని రబ్బరు పట్టీ కట్టాను. నరం కోసం చెయ్యి తిప్పితే మణికట్టు వెల్లకిలా పడింది.

గింజ. తల వంచిన మొలక. కింద అరసున్న.

"బాగుంది కదక్కా?" అంది టీచరు. "అందరూ ఇదే అడుగుతారు. దీని వెనక పెద్ద కథుంది. ఆ ఆర్టిస్టుకి ఒక పాప పుట్టకుండానే పోయిందట. గింజా గింజా అని పిలుచుకునేవాడట. హాస్పిటల్ నుంచి వచ్చిన రోజే కూర్చుని ఈ బొమ్మ గీశాడట. చెబుతుంటే ఆయన కళ్లల్లో నీళ్లక్కా. మగాడు అలా ఏడవడం నేనెప్పుడూ చూళ్లేదు. నాక్కూడా పోయినేడు అలాగే అయింది. అందుకే ఏరికోరి ఇదే వేయించుకున్నా."

"కింద ఆ వంక ఏంటి?" అన్నాను.

"నెలవంకట. నెలలు నిండలేదని గుర్తు."

దూది తడిపాను. నరం మీద మూడుసార్లు తుడిచాను. ఒక్కసారి సరిపోతుంది.

"మరి వాళ్లావిడ?"

"ఆవిడ గట్టి మనిషేనటక్కా. వారం తిరక్కుండా ఉద్యోగానికి వెళ్లిపోయిందట. ఇంట్లో ఆ ఊసే ఎత్తదట. కొంతమంది అంతే కదా, రాయిలా ఉంటారు. పాపం, మొత్తం ఆయనొక్కడే మోశాడు."

సూది దించాను. ట్యూబు నిండుతుంటే చూస్తూ నిలబడ్డాను. "అయిపోయిందా? నొప్పే తెలీలేదు. మీ చెయ్యి చల్లనిదక్కా," అంది టీచరు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె దుఃఖం నిజమే. దాని మీద పెట్టుకున్న బొమ్మ నాది, అంతే. దూది అదిమి పట్టుకుని, కావాల్సినదానికంటే కాస్త ఎక్కువసేపే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఇంటికి రాగానే బీరువా తెరిచాను. కాగితం దుప్పట్ల కిందే ఉంది. పెట్టిన మడత మీదే ఉంది. విప్పి వెనక్కి తిప్పితే అంచుల్లో ఊదారంగు మరకలు. దొంగతనం జరిగింది, వస్తువు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇన్నేళ్లూ ఇంకు మరకని వదిలేసిన అరసున్నను ఈ ఒక్క బొమ్మలో మాత్రం వదలకుండా దించారు. కథకు పనికొచ్చింది కదా.

భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను. "గింజని ఎంతమందికి వేశారు?"

'ఏ గింజ?' అని అడగలేదు. ముద్ద నోటి దగ్గర ఆగింది. "ఎవరు చెప్పారు?" అన్నారు.

"ఎంతమందికి?"

"ఎనిమిదో తొమ్మిదో. అయితే ఏంటి? అది నా బిడ్డ కూడా కదా. నాకు మాత్రం బాధ ఉండదా? నలుగురితో చెప్పుకోకూడదా?"

"ఉంటుంది. చెప్పుకోవాలి. నాతో ఎందుకు చెప్పుకోలేదు?"

ఆయన కంచంలోకి చూశారు. "నీతో చెబితే నువ్వు ఏడుస్తావు. వాళ్లయితే వింటారు."

"నేను రాయినని చెప్పారట."

"కథలో ఏదో ఒకటి కలపాలి కదా. అది నువ్వేనని ఎవరికి తెలుసు?"

లోపల్నించి మా అత్తగారు అందుకున్నారు. "కంచం ముందు ఈ పంచాయితీ ఏంటమ్మా? బొమ్మే కదా. మావాడి పని పదిమందికీ నచ్చితే సంతోషించాలి గానీ."

ఆయన మాటల్లో ఒకటి నిజం. గింజ ఆయనకూ బిడ్డే. అది ఎన్నిసార్లు తిప్పి చూసినా నిజమే, కాదనలేను. ఆయన ఎక్కడో ఏడ్చారని తెలిస్తే నాకు సంతోషమే కలిగి ఉండేది. కానీ మూడేళ్లు నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి, దిండు మీద చెయ్యి పెట్టిన ప్రతి పరాయి మనిషితోనూ మాట్లాడాడు. ఆయన తట్టుకోలేరని నేను నోరు కట్టేసుకుంటే, ఆ కట్టిన నోటినే చూపించి నాకు మనసు లేదని సాక్ష్యం చెప్పాడు. నా బొమ్మ తీసుకుంటే తీసుకున్నాడు, అది అలవాటే. నా ఏడుపు కూడా తీసుకుని తన కళ్లకు పెట్టుకున్నాడు. నాకు మిగిల్చింది రాయిని.

ఆ వారం నేను ఒక్క బొమ్మా గీయలేదు. చెయ్యి నొప్పన్నాను. "రక్తం తీయడానికి రాని నొప్పి బొమ్మ గీయడానికే వచ్చిందా?" అన్నారు అత్తగారు. "అవునండీ, దీనికే వచ్చింది," అన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని షాపు గుమ్మంలోకి వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున్న షాపు నిండా జనం. నేను ఎప్పుడూ ఇంటివైపు తలుపు నుంచి లోపలికి వెళ్తాను. ఆవేళ చుట్టూ తిరిగి వీధి తలుపు నుంచి వచ్చి, బెంచీ చివర కూర్చున్నాను. ఆయన తలెత్తి చూసి, "ఇక్కడేం చేస్తున్నావ్? దిండు తుడిచావా?" అన్నారు.

"తుడిచాను. వరుసలో ఉన్నాను."

పక్కనున్న లావుపాటి ఆవిడ పకపకా నవ్వింది. "ఇంటావిడకి కూడా లైనేనా బాబూ? మరీ అంత స్ట్రిక్టా!" అందరూ నవ్వారు. ఆయనా నవ్వక తప్పలేదు.

నా వంతు వచ్చింది. రోజూ తుడిచే కుర్చీలో మొదటిసారి వెనక్కి ఆని కూర్చున్నాను. వాచీ తీసి, మణికట్టు వెల్లకిలా దిండు మీద పెట్టాను. ఆయన వంగి, నాకు మాత్రమే వినపడేట్టు, "ఏంటే ఇది, అందరి ముందూ? ఇంట్లో వేస్తానన్నాగా," అన్నారు.

"కుదరలేదుగా."

నా గీత వంక చూశారు. మొహం కొంచెం మెత్తబడింది. సొరుగు లాగుతూ, "సరే. గింజేగా? స్టెన్సిల్ రెడీగానే ఉంది," అన్నారు.

"గింజ వద్దు. అది వెళ్లిపోయింది." నా చేతిలోని కాగితం ముక్క ఆయన ముందు పెట్టాను. దాని మీద ఒక్క సగం సున్న.

అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదేంటి? నెలవంకా?"

ఇన్నేళ్ల బొమ్మలు, ప్రతి బొమ్మ కిందా. నిజంగానే గుర్తులేదు ఆయనకు. ఆ క్షణం దాకా నాలో ఎక్కడో ఒక మూల, తెలిసీ తెలియనట్టు నటిస్తున్నాడేమోనన్న ఆశ ఉండేది.

"వెయ్యండి. ఆ గీత పక్కనే."

"గీతని కప్పెయ్యనా మరి?"

"వద్దు. అది మీ మొదటి గీత. ఉండనివ్వండి. పక్కన నాది ఉంటుంది."

మిషను మోగింది. సూది దిగగానే ఆయన ఎవరినైనా ఒక ప్రశ్న అడుగుతారు, నొప్పి మరిచిపోవడానికి: "దీని వెనక కథేంటి?" వంటింట్లోంచి వందలసార్లు విన్నాను. కళ్లు మూసుకుని ఎదురుచూశాను. అడగలేదు. నొప్పి సన్నగా, శుభ్రంగా ఉంది. ఆ మొదటి గీత నొప్పిలా తడబడలేదు. ఆయన చెయ్యి నిజంగానే బాగా తిరిగింది.

బెంచీ మీద నుంచి ఒక కాలేజీ అమ్మాయి లేచి వచ్చి తొంగి చూసింది. చేతిలో ఫోను, ఫోనులో గింజ. "అక్కా, ఇది గింజ కింద ఉండే చంద్రుడే కదా? మీరు ఇదొక్కటే వేయించుకుంటున్నారేంటి? దీనికి వేరే కథుందా?"

"చంద్రుడు కాదమ్మా," అన్నాను. "అరసున్న. నా పేరు."

సూది ఆగింది. బెంచీ మీదివాళ్లంతా మెడలు చాచి ఇటు చూశారు. ఆయన తలెత్తలేదు. గ్లౌజులో ఆయన వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకోవడం తెలిసింది, ఆ మొదటి రోజులాగే కాస్త వణుకుతున్నాయి.

"మీరు ఆపకండి," అన్నాను. "నా చెయ్యి కదలదు. కథ నేను చెబుతాను."