బ్రేకు చెక్కకు ఆముదం

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే, కాదనను. కానీ ఆ రోజు తరగతిలో ఆ నోరు తెరవకపోయి ఉంటే మా నాయిన ఏమైపోయేవాడో!

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. పరకాల పక్కన మా ఊళ్లో నేను ఏడో తరగతి చదువుతున్నాను. సోమవారం మా సైన్సు సారు రామలింగం గారు ఘర్షణ పాఠం మొదలుపెట్టారు. రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకుంటే ఘర్షణ పుడుతుందట, అది కదలికకు అడ్డం పడుతుందట. "కీచుమన్నకాడల్లా ఘర్షణ ఉన్నట్టే. నూనె వేస్తే తగ్గుతది," అన్నారు. ఆ మాట నాకు భలే నచ్చింది. మంగళవారం మిరపకాయలు ఏరాలని నాయిన నన్ను బడి మాన్పించాడు.

బుధవారం పొద్దున నాయిన పది బస్తాల మిరపకాయలు బండికెత్తి, ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు. మా బండికి బ్రేకు చెక్క ఉండేది. తాడు లాగితే అది చక్రం ఇనుప పట్టాకు గట్టిగా ఆనుకుని బండిని నెమ్మది చేస్తుంది. కానీ ఎంత ఘోరంగా కూసేదనుకున్నారు! ఆ కూతకు ఓ ఎద్దు బెదిరి చిందులేసేది. నాయిన ఆ చెక్కను తిట్టని రోజు లేదు. నేనేమో పెద్ద తెలివిగలదాన్ని కదా! ఇరుసుకు వేసే ఆముదం తెచ్చి రెండు చక్రాల దగ్గరా చెక్కకూ పట్టాకూ దట్టంగా పూశాను. నాయినకు చెప్పలేదు. కూత లేదని తనే కనిపెట్టి, తిరిగొచ్చాక నన్ను మెచ్చుకోవాలని నా ఆశ. ఆయన అంబలి తాగి వరంగల్ మార్కెట్‌కు బండి తోలుకుపోయాడు, నేను బడికి పోయాను.

"ఘర్షణ తగ్గించెతందుకు మీ ఇంట్ల ఏం చేస్తరు?" అని సారు అడిగారు. అందరికన్నా ముందు లేచింది నేనే.

"మా బండి బ్రేకు చెక్కకు ఆముదం రాసిన సార్! ఇగ కుయ్యది."

తరగతంతా గొల్లున నవ్వింది. పక్కనున్న పద్మ నా లంగా పట్టుకు గుంజింది. "అయ్యో, నిన్న నువ్వు రాకపోతివి. ఘర్షణ లేకుంటే బ్రేకు పట్టదే! నడుద్దామన్నా కాలు నిలవదట."

సారు మాత్రం నవ్వలేదు. "బండేడుందే?"

"నాయిన తోలుకపోయిండు సార్, పది బస్తాల మిరపకాయలేసుకొని వరంగల్‌కు."

"గుట్ట దిగుడు మీదంగనేనా?"

అప్పుడు తెలిసింది నాకు. గుట్ట దిగుడు మా ఊరికి మూడు మైళ్లు. బాట నిట్టనిలువుగా దిగి, కింద గోడ లేని కల్వర్టు దగ్గర మలుపు తిరుగుతుంది. ఆ దిగుడు దాకా అంతా చదునే, బ్రేకుతో పనే పడదు. సారు సుద్దముక్క బల్ల మీద పడేసి సైకిలు తీశారు. నేను వెనక ఎక్కాను.

కంకర తేలిన ఆ మొరం బాట మీద సారు ఎంత తొక్కినా సైకిలు కదలనట్టే ఉంది. "బ్రేకు కొంచమన్నా పట్టదా సార్? ఎడ్లు ఆపుకోవా?" అని అడుగుతూనే ఉన్నాను.

"పది బస్తాలన్నవ్ గదనే. ఎంత బరువుంటే ఆపెతందుకు అంత బలం గావాలె. రెండెడ్లు ఏం ఆపుతయి?" అన్నారు సారు. మళ్లీ నా భయం గుర్తొచ్చిందేమో, "ఫికర్ చెయ్యకు. గుట్ట మీద ఎడ్లను ఆపి చుట్ట కాలుస్తడు గద మీ నాయిన. అందుకుందాం," అన్నారు.

దేవుడా, ఇయ్యాల చుట్ట ఆరిపోవాలె, అగ్గిపెట్టె దొరకొద్దు అని మొక్కుకున్నాను. గుట్ట మీదికి చేరేసరికి అక్కడ బండి లేదు.

సగం దిగుడులో ఉంది. నాయిన బండి మీద లేచి నిలబడి, వెనక్కి వాలి, రెండు చేతులా తాడు గుంజుతున్నాడు. చెక్క కూయడం లేదు. బండి ఎడ్లను వెనకనుంచి తోస్తుంటే అవి పడిపోకుండా ఉరుకుతున్నాయి.

"దుక్కిలకు తిప్పుమను! మెత్తటి మట్టిల చక్రాలు దిగబడ్తయి!" ఆయాసంతో సారు గొంతు నా దాకానే వచ్చింది.

నేను అరిచాను. నా నోరంతా పెట్టి అరిచాను. "నాయినా! దుక్కిలకు తిప్పు! దుక్కిలకూ!"

విన్నాడు. పగ్గం గుంజాడు. బండి బాట దిగి, దున్నిన చేనులో పడి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. బండి ఆగినా నాయిన ఆగలేదు. నాలుగు బస్తాలతో పాటు ముందుకు ఎగిరి మట్టిలో పడ్డాడు. కల్వర్టు అక్కడికి పది బారలు కూడా లేదు.

మేం ఉరికేసరికి లేచి కూర్చున్నాడు. మోచేయి చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. అలాగే పోయి చెక్కను తడిమి, వేళ్లు వాసన చూసుకున్నాడు.

"ఆముదం! ఎవడు రాసిండో గని సారూ, వాని చేతులిరిగిపోను!"

నేను నా రెండు చేతులూ ముందుకు చాపాను. "నేనే రాసిన నాయినా. కుయ్యొద్దని రాసిన."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండును.

"దాన్నేమనకు యాకయ్యా," అన్నారు సారు. "నూనె సంగతి మొన్న చెప్పిన. బ్రేకు సంగతి నిన్న చెప్పిన. నిన్న ఇది బడికి రాలే."

నాయిన ఆ మట్టిలోనే కూలబడ్డాడు. నా చేతులు రెండూ పట్టుకుని, తన కండువాతో ఒక్కో వేలూ తుడవసాగాడు. పొద్దున్నే కడుక్కున్నాను, వాటికి ఆముదమే లేదు.

"నిన్న మాన్పిచ్చింది నేనే సారూ," అన్నాడు. "ఇరిగితే నా చేతులిరగాలె."

అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు.